మిగిలిన సిమెంటు

బుడమేరు తీసిపోయాక గోడలు గీకించి
మళ్ళీ పూత వేయిస్తే అర బస్తా మిగిలింది.
"రెండు నెలలు దాటితే రాయైపోద్దమ్మా,
ఎవరికన్నా ఇచ్చేయండి" అన్నాడు మేస్త్రీ.
ఇవ్వలేదు.
మిద్దెతోట వాళ్ళకి ఫోన్లు చేశాను.
ఆదివారం పొద్దున్నే సింగ్‌నగర్ రండి,
ఎవరి ఆకు వాళ్ళు తెచ్చుకోండి,
పాత చీరలు కట్టుకోండి.

డాబా మీద టార్పాలిన్ పరిచి ఇసుక పోశాను.
జల్లిస్తే రెండు నత్తగుల్లలు, ఒక సోడా మూత,
ఎవరిదో రవికె హుక్కు.

ఆకులు వచ్చాయి.
భ్రమరాంబగారు తడిగుడ్డలో చుట్టి తెచ్చిన చామాకు,
దాని మీద నీటిబొట్టు ఇంకా దొర్లుతూనే ఉంది.
దైవసహాయంగారు రైల్వే క్వార్టర్ల వెనకనుంచి టేకాకు.
సుహాసిని సిటీ బస్సులో ఒళ్ళో పెట్టుకున్నా
ఆముదపాకు ఒక వేలు విరిగింది.
ఖుర్షీద్ ఎర్రబడ్డ బాదమాకు తెచ్చింది.
"రంగు రాదుగా" అన్నారెవరో.
"తెలుసు" అంది.
చవితి నాడు పత్రి దగ్గర బేరంలా
కాసేపు ఇదిస్తా అదివ్వు అనుకున్నారు.

ఈనెలున్న వైపు పైకి ఉండాలండీ
అని నాకొచ్చిన పాఠం అప్పజెప్పాను.
"అంటే వీపు చూపించమంటోంది" అన్నారు దైవసహాయంగారు.
నవ్వి నవ్వి భ్రమరాంబగారి కళ్ళజోడు ఇసుకలో పడింది.

సిమెంటు మొదట జావైంది.
బకెట్టు చుట్టూ అయిదుగురం, అయిదు సలహాలు.
పక్కింటివాళ్ళు నీళ్ళకి జడిసి ఇంకో అంతస్తు లేపుతున్నారు.
ఆ స్లాబు మీద తట్ట మోస్తున్న నాగరత్తమ్మ
పిట్టగోడ మీంచి చూసి, చూసి, ఇక పట్టలేక
"నీళ్ళెక్కువైనాయండమ్మా,
గారెల పిండి ఎట్టుంటదో అట్టుండాల" అంది.
అంతే, అందరికీ అర్థమైపోయింది,
ఒక్క దైవసహాయంగారికి తప్ప.

పిలిస్తే వచ్చింది.
"ఎందుకండీ ఇవి?"
గోడకి తగిలించుకోవచ్చు, కుండీల మధ్య పెట్టుకోవచ్చు అని
ఏదో మొదలుపెట్టి, చివరికి
"ఊరికే" అన్నాను.
"ఊరికేనా" అని గొంతుక్కూర్చుంది.
"పదేళ్ళాయె కలపబట్టి. ఊరికే ఎన్నడూ కలపలా."

తనకి ఆకు లేదు.
లేచి కుండీలన్నీ తిరిగి
నేను తుంచి పారేద్దామనుకున్న గుమ్మడాకు కోసింది,
పురుగు తిని జల్లెడ చేసింది.
"చిల్లులున్నాయే" అన్నాం.
"ఉండనీయండి."

పెసరట్లు తిన్నాం గోళ్ళలో బూడిద రంగుతోనే.
తగిలించడానికి తలా ఒక తీగముక్క గుచ్చి
తడి గోనెలు కప్పి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి కింద గదిలో దీపం ఆర్పబోతూ చూశాను:
కొత్త పూతలోంచి పాత నీటి గీత మళ్ళీ తేలుతోంది,
నా రొమ్ముల ఎత్తున, ఈ మూల నుంచి ఆ మూలకి,
ఎక్కడా వంకర లేకుండా.
వరండాలో ముప్పై ఎనిమిది కుండీలుండేవి అప్పుడు.
పేర్లు చెప్పుకుంటూ పడుకున్నాను,
ముప్పై ఒకటి దగ్గర నిద్ర పట్టింది.

మర్నాడు ఆకులు ఒలిచాం.
చామాకు చర్మంలా మొత్తంగా వచ్చేసింది.
టేకాకుని పాత బ్రష్షుతో రుద్దాల్సొచ్చింది.
విరిగిన వేలు విరిగినట్టే ఉంది.
గుమ్మడాకులో పురుగు తిన్న చోటల్లా
సిమెంటు దూరి, చిన్న చిన్న బొడిపెలై నిలబడింది.
నాగరత్తమ్మ బొటనవేలితో ఒక్కొక్కటీ తడిమింది.
"ఏడు రోజులు తడపాలమ్మా,
తొందరపడితే బీటలిస్తది."

ఏడు సాయంత్రాలు నేను మొక్కలకి పోస్తుంటే
పని దిగేముందు తను
పిట్టగోడ మీంచి వంగి చెంబుతో
ఆ ఆరు ఆకులకీ పోసేది.
ఎనిమిదో రోజు తనది కొంగులో కట్టుకుని వెళ్ళింది.

బస్తాలో ఇంకా నాలుగు దోసిళ్ళుంది.
అడుగున అప్పుడే గడ్డకడుతోంది.